చిన్నశెట్టి బరువు

చిలక లావైందా, చిక్కిందా అని ఒక ఇంట్లో నలుగురు మనుషులు ఎండాకాలమంతా పోట్లాడుకున్నారంటే వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. తూకం మీద బతికే ఇల్లు మాది. నరసరావుపేటలో ముందు కిరాణా కొట్టు, వెనక మా ఇల్లు. మా మామగారు వెంకటసుబ్బయ్యగారు దోసిట్లోకి కందిపప్పు ఎత్తి ఇంత ఉంటుందని చెబితే, కాటా మీద పోసి చూసినా అంతే ఉండేది. అలాంటి ఇంట్లో అరకిలో పిట్ట బరువు ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ పిట్టని తెచ్చింది మా అమ్మాయి హాసిని. విజయవాడలో చదువుకుంటుంది. అక్కడ ఎవరో స్నేహితురాలు ఇల్లు మారుతూ పెంచలేనంటే, అడగాపెట్టకుండా పంజరంతో సహా బస్సెక్కించుకొచ్చింది. మన పచ్చ రామచిలక కాదు, దాన్ని పెంచితే కేసవుతుంది. ఇది ఆఫ్రికా జాతి. బూడిదరంగు ఒళ్ళు, ఎర్ర తోక. బ్రహ్మాండంగా మాట్లాడుతుందన్నారు. మా ఇంటికొచ్చాక ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. కొట్టు షట్టరు ఎత్తిన చప్పుడూ, నేను కుక్కరు దించేటప్పుడు వచ్చే ఈలా మాత్రం అచ్చు గుద్దినట్టు తీసేది. మా అత్తగారు పోయిన తర్వాత మాతో అవసరానికి తప్ప నోరు విప్పని మామగారు దానితో మాత్రం పొద్దస్తమానం మాట్లాడేవాళ్ళు. ఆయనే దానికి చిన్నశెట్టి అని పేరు పెట్టారు.

మార్చి ఆఖర్లో సెలవులకి వచ్చిన హాసిని చెప్పులు విడవకముందే గొడవ మొదలుపెట్టింది.

"ఏంది తాతయ్యా, ఇది ఇంత లావైంది? రొమ్ము చూడు, బూరెలాగా ఉంది."

"లావా! నీ కళ్ళు లావెక్కినయ్యే. వాడు చిక్కిపోయినాడు. ఎండలకి తిండి సయించట్లా," అన్నారు మామగారు.

మా ఆయన యోగేశ్ కొట్లోంచి తల లోపలికి పెట్టి, "పోట్లాట ఎందుకు, కాటా ఉందిగదా," అన్నాడు. జీలకర్ర, యాలకులు తూచే చిన్న కాటా మీద గిన్నె బోర్లించి దాని మీద చిన్నశెట్టిని నిలబెట్టాం. అయిదు వందల ముప్ఫై గ్రాములు చూపించింది. కిందటి ఏడు వచ్చినప్పుడు నాలుగు వందల డెబ్బై ఉందని హాసిని అంటుంది.

"ఈకలకి తరుగు తియ్యాల," అన్నారు మామగారు వెంటనే.

"ఈకలకి తరుగేంది తాతయ్యా!"

"మిరగాయలకి తొడిమల తరుగు తియ్యమా? ఈకల్లో ఏం బరువుందని? అది గాలి. అది తీసేస్తే వాడు చిక్కినట్టే."

యోగేశ్ ఏమో గిన్నె బరువు సరిగ్గా తియ్యలేదన్నాడు. మళ్ళీ తూచాడు. ఈసారి ఇంకో అంకె వచ్చింది, ఎందుకంటే పిట్ట రెక్క విప్పి అతని చెయ్యి మీద ఒక కాలు ఆనించింది. సాయంత్రానికి ఆ పిట్టకి మూడు బరువులు తేలాయి, మనిషికొకటి. నాకు ఏది నమ్మాలో తెలియలేదు. నా కంటికి అది లావుగా ఉన్నట్టే ఉంది, మరి మామగారి మాట ఎప్పుడూ తప్పిపోదే అని ఇంకో పక్క అనుమానం.

నేను ఈపూరు దాన్ని, అనుమానం కడుపులో పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. మర్నాడే హాసినీ నేనూ పంజరం పట్టుకుని గుంటూరులో పక్షుల్ని చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మానస అని చిన్నపిల్ల, మా హాసిని కంటే ఆరేడేళ్ళు పెద్దదై ఉంటుంది. చిన్నశెట్టిని తువ్వాల్లో చుట్టి పట్టుకుని నా వేలు తీసుకుని దాని రొమ్ము మీద పెట్టింది.

"ఇక్కడ నిలువుగా ఒక ఎముక ఉంటుందండీ. తగులుతుందా?"

"లేదమ్మా. మెత్తగా ఉంది."

"అదే తేడా. ఆ ఎముకకి అటూ ఇటూ కండ నిండుగా ఉండి, మధ్యలో అంచు వేలికి తెలుస్తూ ఉండాలి. అంచు కత్తిలా తగిలితే చిక్కినట్టు. అసలు తగలకపోతే కొవ్వు పట్టినట్టు. ఈకలున్న ప్రాణిని కంటితో చూసి చెప్పలేం, వేలు పెట్టాల్సిందే. ఒక రోజు అంకె చూసి కూడా ఏమీ అనుకోకూడదు. రోజూ పొద్దున్నే, మేత వెయ్యకముందు తూచండి. పెరుగుతుందా తరుగుతుందా అన్నది ముఖ్యం."

"ఇలాగే ఉంటే ఏమవుతుందండీ?" అని అడిగింది హాసిని.

"కాలేయానికి కొవ్వు పడుతుంది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే పంజరంలో కింద పడి ఉంటుంది," అంది ఆ అమ్మాయి. గింజలు తగ్గించమంది. గుమ్మడి ముక్కలు, క్యారెట్టు, మునగాకు పెట్టమంది. మనం తినే అన్నాలూ నూనె వంటలూ ముట్టనివ్వొద్దని గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చి హాసిని తాతగారి ముందే తేల్చి చెప్పింది. కాలేజీ తెరిచేలోపు చిన్నశెట్టి బరువు దిగకపోతే తనతోపాటు విజయవాడ తీసుకెళ్ళిపోతుంది. మామగారు పిట్ట మెడ మీద వేలితో గోకుతూ కూర్చున్నారు. ఆయన మొహం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ ముసలాయన దగ్గర్నుంచి ఆ పిట్ట పోకూడదు, ఎలాగైనా దాని ఒళ్ళు దించాలి అని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

ఏప్రిల్ అంతా ఆ పిట్ట చుట్టూనే తిరిగాం. పొద్దున్నే తూకం. తరవాత హాసిని చెప్పిన లెక్కన గింజలు తూచి గిన్నెలో వెయ్యడం. గుమ్మడి ముక్కలు చిన్నశెట్టి ముక్కుతో ఎత్తి గోడకేసి కొట్టేది. మునగాకు మాత్రం పుల్లతో సహా నమిలేది. వారం గడిచింది, రెండో వారం గడిచింది. బరువు దిగకపోగా పెరిగింది.

"కాటా పాడై ఉంటది," అన్నాడు యోగేశ్. అదే కాటా మీద ఆ పొద్దున నకరికల్లు ఆసామికి యాలకులు తూచిచ్చాడు. అది గుర్తుచేస్తే గొంతు తగ్గించాడు.

దొంగని హాసిని పట్టుకుంది. ఒక ఉదయం మా ఆయన గింజలు తూచడం పక్కనుంచి చూసింది. సరిగ్గా తూచాడు. తూచి గిన్నెలో పోశాడు. పోసి, ఆ చేత్తోనే డబ్బాలోంచి ఇంకో చిటికెడు తీసి పైన వేశాడు.

"నాన్నా! అదేంది?"

"ఏది?"

"ఇప్పుడు వేసింది."

మా ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. "కొసరే," అన్నాడు.

నలభై ఏళ్ళుగా మా కొట్లో కొసరు వెయ్యకుండా పొట్లం కట్టి ఎరగరు. తూకం తూకమే, కొసరు కొసరే. తూకంలో కొసరు లెక్కకి రాదు. మామగారిని అడిగితే ఆయనా మధ్యాహ్నం గింజలకి కొసరు వేస్తున్నారు. ఇక చెప్పుకోవాలంటే నాకే సిగ్గు, సాయంత్రం మేత వేసేది నేను, నా చెయ్యీ అదే పని చేస్తుంది. నేను పుట్టిందీ కిరాణా కొట్లోనే మరి. హాసిని నేల మీద కూలబడి నవ్వింది. ఆ రోజు మామగారు కూడా నవ్వారు, నవ్వుతుంటే దగ్గొచ్చి, మంచినీళ్ళు తాగారు. రోగం తెలిసిపోయింది, ఇంక కుదురుతుందిలే అనుకున్నాం. మర్నాటి నుంచి గింజల డబ్బా హాసిని చేతిలోకి వెళ్ళిపోయింది.

మే నెల సగానికి వచ్చేసరికి చిన్నశెట్టి అయిదు వందల డెబ్బై దాటింది.

నాకు మతి పోయింది. కొసరు లేదు. గింజలు సగానికి సగం తగ్గాయి. గాలి పీల్చి లావెక్కుతుందా ఇది? యోగేశ్ నన్ను అనుమానించాడు. నేను హాసినిని అనుమానించాను. హాసిని తాతగారినే అడిగేసింది.

"తాతయ్యా, నిజం చెప్పు. దానికి నువ్వేమైనా పెడతన్నావా?"

"నేనేం పెడతానమ్మా. డబ్బా నీ దగ్గరే ఉందిగదా," అన్నారాయన.

డబ్బా హాసిని దగ్గరే ఉన్న మాట నిజమే. మధ్యాహ్నం ఆయన భోజనం తన గదిలోనే. బయట హాల్లో రేకుల వేడి, తన గదిలో కూలరు ఉందని వేసవి మొదలయ్యాక అక్కడికే పళ్ళెం తెప్పించుకుంటున్నారు. పళ్ళెం కడిగినట్టు తిరిగొచ్చేది. పప్పు, కూర, పెరుగన్నం, ఒక్క మెతుకు మిగిలేది కాదు. ఇంట్లో నా వంటకి విలువిచ్చేది ఆయనొక్కరేనని నేను మా ఆయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

"సరే. ఇక నావల్ల కాదు. వచ్చేవారం దీన్ని తీసకపోతన్నా," అంది హాసిని.

నేను మామగారి వంక చూశాను. బతిమాలతారనుకున్నాను, కనీసం కసురుతారనుకున్నాను.

"తీసకపో అమ్మా. అదే మంచిది," అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. ప్రాణంలా చూసుకునే పిట్టని అంత తేలిగ్గా ఎలా వదులుకుంటున్నారీయన? వయసు మీద పడి మనసు మొద్దుబారిందా? కోపం కూడా వచ్చింది. దాని కోసం నేను ఇంత తాపత్రయపడుతుంటే ఆయనకి లేదే అనిపించింది.

హాసిని ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా ఒక పొద్దున కరెంటు పోయింది. కాటాలో ఛార్జింగ్ లేక తూకం వెయ్యలేదు. మధ్యాహ్నం కరెంటు వచ్చాక, ఆ పూట తూకం తప్పడమెందుకని మామగారి భోజనమయ్యాక పిట్టని ఆయన గదిలోంచి తెచ్చి నిలబెట్టాను. నిన్నటి కంటే పాతిక గ్రాములు ఎక్కువ! కాటా మీద ఇత్తడి గుండు పెట్టి చూశాను. కాటా సరిగ్గానే ఉంది. మర్నాడు పొద్దున మళ్ళీ తూచాను, నిన్న పెరిగిన పాతికలో చాలావరకు పోయింది. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక తూచాను. మళ్ళీ పాతిక పెరిగింది. ముక్కు కింద పసుప్పచ్చగా ఏదో అంటుకుని ఉంది. గోటితో గీకి వాసన చూశాను. నేను పొద్దున వండిన మామిడికాయ పప్పు.

ఆ మూడో రోజు పళ్ళెం లోపలికి ఇచ్చి, కాసేపాగి, చప్పుడు చెయ్యకుండా తలుపు తోశాను. ఎండకి తట్టుకోలేక చొక్కా విప్పి బనీనుతో మంచం మీద కూర్చుని ఉన్నారు మామగారు. ఎదురుగా స్టూలు మీద పళ్ళెం. పళ్ళెం అంచు మీద చిన్నశెట్టి. ఆయన ముద్ద చేసి పెడుతున్నారు, అది తింటుంది.

"మావయ్యా! ఏందిది? చంపుకుంటారా దాన్ని? డాక్టరమ్మ అంతగా చెప్పింది గదా!"

ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. దొరికిపోయిన మనిషిలా తల వంచుకుని, "నాకు దిగటం లేదమ్మా," అన్నారు.

"ఏది దిగటం లేదు?"

"అన్నం. ఇక్కడ ఆగిపోద్ది." గొంతు కింద, రొమ్ము దగ్గర వేలు పెట్టి చూపించారు. "మజ్జిగ దిగుద్ది. అన్నం మెత్తగా పిసికితే రెండు ముద్దలు. తరవాత నీళ్ళు తాగినా దిగదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"శివరాత్రి పోయినకాడనుంచి."

"చెప్పొద్దూ?"

"చెబితే గుంటూరు తీసకపోతారు. మా అన్నకీ ఇట్టాగే వస్తే తీసకపొయ్యినారు. కోశారు, కుట్టారు. ప్రాణాలతో తిరిగి తెచ్చారా?" పళ్ళెం వంక వేలు చూపించారు. "పళ్ళెంలో మిగిలితే నువ్వు అడుగుతావు. పారేద్దామంటే అన్నమాయె, చెయ్యి రాదు. వాడు తింటాడు గదాని..."

"వాడు చస్తాడని తెలుసుగదా మావయ్యా!"

"తెలుసు. అందుకేగదా, అమ్మాయి తీసకపోతానంటే పొమ్మంది."

రొమ్ము మీద వేలు పెట్టి ఎముక తడిమి చూడమని ఆ డాక్టరమ్మ నాకు నేర్పింది. కోడలు మామగారిని అలా చూడదు. కళ్ళతోనే చూశాను. బనీను మెడ దగ్గర ఒక జానెడు కిందికి జారి ఉంది. మెడ కింది ఎముకల వెనక గుంటలు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ఆఫ్రికా పిట్టకి ఈకల మీదుగా ఒళ్ళు పట్టి చూసిన మనుషులం, చొక్కా వెనక మనిషిని ఎలా చూడలేదు? కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గబగబా బయటికి వచ్చేశాను.

పక్కింట్లో బట్టలు కుట్టే కుల్సుం మా గుమ్మంలోనే ఎదురైంది. నా మొహం చూసి ఏందక్కా అంది. చెప్పాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, తాతయ్య చొక్కాలు నాకిచ్చి రెండుసార్లు కుట్లు బిగించమన్నారక్కా. ఎవురికీ చెప్పొద్దన్నారు. పండక్కి షోకు కామోసు అనుకున్నా."

యోగేశ్‌కి చెబితే నమ్మలేదు. "రోజూ పళ్ళెం ఖాళీ అవుతుందని నువ్వే చెబుతావు గదే," అన్నాడు. ఆ మాట వినబడిందో ఏమో, మామగారు లోపల్నుంచి మెల్లగా నడుచుకుంటూ కొట్లోకి వచ్చారు. బస్తాలు తూచే పెద్ద కాటా ఎక్కి నిలబడ్డారు. అంకె ఆయనే చూసుకున్నారు.

"తరుగు చానా వచ్చిందిరా," అన్నారు కొడుకుతో.

మా ఆయన గల్లా పెట్టె మీద తల వాల్చి ఏడ్చాడు. సాయంత్రం కొట్టు మూసి కారు మాట్లాడాం.

గుంటూరు ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. జవాబు వచ్చేదాకా ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. నర్సు భయం లేదంది. పక్క మంచం ఆయన కొడుకు తన తండ్రికీ ఇలాగే మొదలైందన్నాడు. చిన్న డాక్టరు ఏమీ చెప్పకుండా మావంక జాలిగా చూశాడు, అది జాలో నిద్రలేమో నాకు తెలియలేదు. ఆ రోజుల్లో నేను దేవుడికి ఏం మొక్కానో నాకే గుర్తులేదు. హాసిని ప్రయాణం మానుకుని ఇంటి దగ్గర ఉండిపోయింది. రోజూ ఫోన్ చేసి తాతయ్య సంగతి అడిగి, చివర్లో చిన్నశెట్టి బరువు చెప్పేది. తగ్గుతుందమ్మా, దిగుతుందమ్మా అనేది. నెలల తరబడి వినాలని తపించిన మాట అది. ఇక్కడ ఈయన పెట్టడం లేదు కాబట్టి అక్కడ అది దిగుతుంది. సంతోషించాలా, ఏడవాలా?

చివరికి క్యాన్సర్ కాదన్నారు. ఏళ్ళ తరబడి పులితేన్పులు వచ్చీ వచ్చీ పుండు పడి, అన్నం దిగే దారి ముడుచుకుపోయిందట. కొయ్యక్కర్లేదు, గొట్టంతోనే వెడల్పు చేశారు. ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచారు.

"మళ్ళీ ముడుచుకుపోవచ్చు. అన్నం దిగట్లేదంటే వెంటనే తీసుకురావాలి. ఆయన చెప్పే రకంలా లేరు, మీరే కనిపెట్టుకుని ఉండాలి."

ఏమని కనిపెట్టను? కడిగినట్టున్న పళ్ళెంతో ఒక ఎండాకాలం మమ్మల్ని మోసం చేసిన మనిషాయన.

జూన్‌లో తొలకరి పడిన రోజు మెత్తగా అన్నం వండి, పెసరపప్పు జారుగా చేసి, గదిలోకి పళ్ళెం తీసుకెళ్ళాను. ఎదురుగా కూర్చోబోయాను.

"నువ్వు పోమ్మా. అట్టా గుడ్లప్పగించి చూస్తా ఉంటే నాకు ముద్ద దిగదు."

"పిట్టని తీసకపోతా మరి."

"వాణ్ణి ఉండనీ. ఒక్కణ్ణే కూచొని తినలేను."

గట్టిగా అనలేకపోయాను. చిన్నశెట్టిని ఒక్క నిమిషం బయటికి తీసుకొచ్చి, కాటా మీద నిలబెట్టి, అంకె చూసుకుని, తీసుకెళ్ళి ఆయన దగ్గరే వదిలాను. తలుపు దగ్గరగా వేసి వంటింట్లో నిలబడ్డాను. బయట చూరు నీళ్ళు పడుతున్నాయి. చెవులు రిక్కించినా లోపల్నుంచి ఏమీ వినబడలేదు. కాసేపటికి వెళ్ళి చూస్తే పళ్ళెం ఖాళీ. మెతుకు లేదు. ఆయన మొహం చూశాను, మామూలుగానే ఉంది, కానీ ఆ మొహం ఎప్పుడు మామూలుగా లేదు గనక?

పిట్టని చేతి మీద ఎక్కించుకుని కొట్లోకి వచ్చాను. కాటా మీద పెట్టాను. యోగేశ్ పొట్లం కడుతున్నవాడల్లా ఆగిపోయాడు. హాసిని నా భుజం మీంచి తొంగి చూసింది. అంకె అటూ ఇటూ ఊగి నిలబడింది. ఇందాకటి అంకే. నమ్మలేక దింపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. ఒక్క గ్రాము పెరగలేదు.

"ఎంతే?" అన్నాడు మా ఆయన. అంతేనని చేత్తో సైగ చేశాను.

లోపల్నుంచి మామగారి కేక వినబడింది.

"తూచావా తులసమ్మా? నమ్మకం కుదిరిందా? కుదిరితే ఇంకో రెండు ముద్దలు పెరుగన్నం తీసకరా. ఆకలవుతా ఉంది."